అమెరికా ధర్మాసనం: కుర్చీ ఎవరిచ్చారు?

న్యాయస్థానం రాజకీయాలకు అతీతమైనదనే మాట మన పౌరశాస్త్ర గ్రంథాలలో తరచు కనిపిస్తుంది. శాసనసభ్యుడికి వోట్ల చింత వున్నది, మంత్రికి పదవి చింత వున్నది, న్యాయమూర్తికి మాత్రం ఏ చింతా లేదు. రాజ్యాంగం ఏం చెబితే అతడు అదే చెబుతాడు. ఈ సిద్ధాంతానికి అమెరికాను ఉదాహరణగా చూపటం ఉదారవాద మేధావులకు పరిపాటి. అక్కడి ఫెడరల్ న్యాయమూర్తి బ్రతికివున్నంతకాలం పదవిలో వుండవచ్చు. అతని జీతం తగ్గించే అధికారం ఎవరికీ లేదు. అభిశంసించి తొలగించటం తప్ప అతన్ని కదిలించే మార్గం లేదు. రెండువందల ముప్పయ్యేళ్ళకు పైబడిన చరిత్రలో అభిశంసనకు గురైన ఫెడరల్ న్యాయమూర్తులు పదిహేనుమంది. పదవి పోగొట్టుకున్నవారు ఎనమండుగురే. అటువంటివాడు ఎవరికి భయపడాలి, ఎందుకు పక్షపాతం చూపాలి, అని అడుగుతారు.

దీనికి సమాధానం చెప్పేముందు ఒక చిన్న ఉదంతం చూద్దాం. ఇది ఉపాధ్యాయులకు సంబంధించినది కాబట్టి మన పాఠకులకు సులభంగా బోధపడుతుంది. కాలిఫోర్నియాలో ఉపాధ్యాయ సంఘం అందరి తరఫునా జీతాల బేరం చేస్తుంది. అందుచేత సంఘంలో చేరనివారుకూడా బేరసారాల ఖర్చుకింద కొంత రుసుం చెల్లించాలి. ఈ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని కొందరు దావా వేశారు. 2016 మార్చిలో సుప్రీంకోర్టు 4–4గా చీలిపోయింది. కింది కోర్టు తీర్పు నిలిచి సంఘం బతికింది. 2018 జూన్‌లో ఇల్లినాయి రాష్ట్రం నుంచి అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి 5–4. దేశంలోని ప్రభుత్వోద్యోగుల సంఘాలన్నిటికీ ఆ రుసుం ఒక్క దెబ్బతో పోయింది. 1977 నుంచి చెల్లుతూ వచ్చిన తీర్పును అదే న్యాయస్థానం కొట్టివేసింది.

ఈ రెండేళ్ళ మధ్య అమెరికా రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. మారింది ఒక్క కుర్చీలోని మనిషి. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలనేది ఎవరు, ఎట్లా నిర్ణయించారన్నదే అసలు ప్రశ్న. భయపడనక్కరలేని మనిషిని తయారుచేశామని రాజ్యాంగం గర్వపడుతుంది. అయితే ఆ మనిషిని ఎంపిక చేసేవారికి భయాలూ ఆశలూ వర్గప్రయోజనాలూ అన్నీ వున్నాయి. లోపలికి వెళ్ళాక న్యాయమూర్తి మీద ఎవరి అదుపూ లేనప్పుడు, గుమ్మం దగ్గరి అదుపుకు విలువ పదింతలవుతుంది. అమెరికా న్యాయచరిత్రను ఈ గుమ్మం దగ్గర నిలబడి చూస్తే, గ్రంథాలలో కనిపించని సంగతులు కొన్ని కనిపిస్తాయి.

ఫిలడెల్ఫియా బేరం

1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాయటానికి హాజరైనవారు యాభై అయిదుమంది. న్యాయవాదులు, తోటల యజమానులు, వర్తకులు. చాలామందికి బానిసలున్నారు. చేతులతో పని చేసి బతికేవాడు ఆ సభలో కనిపించడు. న్యాయమూర్తులను ఎవరు నియమించాలనే చర్చ అక్కడ చాలాకాలం సాగింది. శాసనసభ నియమించాలన్నారు కొందరు. అధ్యక్షుడే నియమించాలన్నాడు పెన్సిల్వేనియాకు చెందిన జేమ్స్ విల్సన్. వృద్ధుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ లేచి ఒక హాస్యం చెప్పాడు: స్కాట్లండులో న్యాయమూర్తులను వకీళ్ళే ఎంపిక చేస్తారట, తమలో అందరికన్నా సమర్థుడినే ఎప్పుడూ ఎన్నుకుంటారట, ఎందుకంటే అతడు వెళ్ళిపోతే అతని కేసులు తాము పంచుకోవచ్చు!

చివరకు మసాచుసెట్స్ పద్ధతిని అనుసరించి ఒక రాజీ కుదిరింది. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తాడు. సెనేటు సలహా సమ్మతులతో నియమిస్తాడు. రాజ్యాంగం ఇంతకుమించి చెప్పలేదు. న్యాయమూర్తికి వయసు ఎంతుండాలో, చదువు ఏముండాలో చెప్పలేదు. న్యాయశాస్త్రం తెలిసి వుండాలని కూడా చెప్పలేదు. సుప్రీంకోర్టులో ఎంతమంది వుండాలో చెప్పలేదు. ఈ మౌనంలోనే తరువాతి చరిత్ర అంతా ఇమిడివున్నది.

సమ్మతి తెలిపే సెనేటు ఎటువంటిదో కూడా గమనించాలి. 1913లో పదిహేడవ సవరణ వచ్చేదాకా సెనేటర్లను ప్రజలు ఎన్నుకోలేదు, రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్నాయి. రాష్ట్రం చిన్నదైనా పెద్దదైనా సెనేటర్లు ఇద్దరే. 2020 జనాభా లెక్కల ప్రకారం కాలిఫోర్నియాలో 3 కోట్ల 95 లక్షలమంది వున్నారు, వయోమింగులో 5 లక్షల 77 వేలమంది. న్యాయమూర్తి నియామకంలో ఇద్దరి వోటుకూ ఒకటే విలువ. అంటే, ప్రజాభిప్రాయం ధర్మాసనం చేరేలోపల రెండు జల్లెళ్ళ గుండా వెళ్ళాలి. రెండవ జల్లెడకు కన్నాలు మరీ సన్నం.

కుర్చీల లెక్క

మొదట్లో వ్యవహారం చాలా సులభంగా వుండేది. 1789 సెప్టెంబరు 24న వాషింగ్టన్ న్యాయస్థానాల చట్టం మీద సంతకం చేసి, ఆనాడే ఆరుగురి పేర్లు పంపాడు. రెండు రోజుల్లో సెనేటు ఆమోదించింది. పాలించేవారంతా ఒకే పక్షంగా వున్నంతకాలం సలహా సమ్మతులు లాంఛనమే. పాలకులలో చీలిక రాగానే లాంఛనం కాస్తా ఆయుధమయింది. 1795లో బ్రిటనుతో కుదిరిన జే ఒప్పందాన్ని చార్లెస్టన్ సభలో దుయ్యబట్టినందుకు జాన్ రట్లెజ్ ప్రధాన న్యాయమూర్తి పదవి పోగొట్టుకున్నాడు. సెనేటు అతన్ని 14–10తో తిరస్కరించింది. అతని న్యాయపాండిత్యం సంగతి ఎవరికీ పట్టలేదు.

1800 ఎన్నికల్లో ఓడిపోయిన జాన్ ఆడమ్స్ పక్షం, దిగిపోయేముందు పదహారు కొత్త న్యాయమూర్తి పదవులు సృష్టించి తనవారితో నింపింది. సుప్రీంకోర్టులో ఆరు కుర్చీలను ఇకముందు అయిదు చేయాలని కూడా శాసించింది. కొత్త అధ్యక్షుడు జెఫర్సన్‌కు నియమించే అవకాశం తగ్గాలని. ఎన్నికలలో ఓడిన వర్గం న్యాయస్థానంలోకి తప్పుకుని అక్కడ కోట కట్టుకోవటం అప్పుడే మొదలయింది. జెఫర్సన్ పక్షం 1802లో ఆ చట్టాన్ని రద్దు చేసింది గాని, ఆడమ్స్ వెళుతూ వెళుతూ నియమించిన జాన్ మార్షల్ మాత్రం 1835లో చనిపోయేదాకా ముప్పయినాలుగేళ్ళు ప్రధాన న్యాయమూర్తిగా వుండిపోయాడు. ఓడిపోయిన పార్టీ అంతరించింది; దాని న్యాయమూర్తి మిగిలాడు.

కుర్చీల సంఖ్యతో ఆడుకోవటం అంతటితో ఆగలేదు. 1837లో తొమ్మిది, 1863లో పది. బానిసత్వం రద్దయిన తరువాత దక్షిణాది పట్ల మెత్తదనం చూపుతున్న ఆండ్రూ జాన్సన్ నియామకాలు చేయకుండా 1866లో ఏడుకు కుదించారు. అతడు దిగిపోగానే 1869లో మళ్ళీ తొమ్మిది. ఈనాడు పవిత్రంగా భావించే ఆ తొమ్మిది అంకె వెనుక ఇంత రాజకీయం వున్నది.

ఈ కుర్చీల లెక్క ఎంత ఘోరానికి దారితీయగలదో 1857లో తేలింది. తనకు స్వేచ్ఛ కావాలని డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన దావాలో, నల్లజాతివారు ఈ దేశపు పౌరులు కానేకారని ప్రధాన న్యాయమూర్తి టేనీ తీర్పు చెప్పాడు. తొమ్మండుగురిలో ఏడుగురు ఆ పక్షాన నిలిచారు. ఆ ధర్మాసనంలో అయిదుగురు బానిస రాష్ట్రాలవారు. ఈ నియామకాలన్నీ రాజ్యాంగబద్ధంగానే జరిగాయి. సెనేటు సమ్మతి అన్నిటికీ వున్నది. టేనీకి 1836లో వచ్చిన వోట్లు 29, వ్యతిరేకంగా 15. లాంఛనాలు సక్రమంగా జరిగినంత మాత్రాన న్యాయం జరగదు. ఆ తీర్పును తుడిచివేయటానికి అంతర్యుద్ధమూ, పద్నాలుగవ సవరణా కావలసివచ్చాయి.

తలుపులు తెరిపించినవారు

పంతొమ్మిదవ శతాబ్దం చివరి పాదంలో కుర్చీ మీద కొత్త యజమాని కన్నుపడింది. రైలుమార్గాల కంపెనీలు, బ్యాంకులు, ఉక్కు బొగ్గు సంస్థలు పెరిగి పెద్దవయినాయి. 1881లో స్టాన్లీ మాథ్యూస్ నియామకం వచ్చినప్పుడు, ఇతడు రైలు కంపెనీల వకీలు అని రైతు సంఘాలు గోలపెట్టాయి. ఒకే ఒక్క వోటు తేడాతో, 24–23తో, నెగ్గాడు. ఆ తరువాత అరశతాబ్దంలో ఆ న్యాయస్థానం ఆదాయపు పన్నును కొట్టివేసింది, రొట్టెల కార్ఖానాలో రోజుకు పది గంటల పని నిబంధనను కొట్టివేసింది, బాలకార్మికుల రక్షణ చట్టాన్ని కొట్టివేసింది. పని గంటలకు హద్దు పెడితే ఒప్పందం చేసుకునే స్వేచ్ఛకు భంగం కలుగుతుందట! ఆకలిగొన్నవాడికీ మిల్లు యజమానికీ సమానమైన స్వేచ్ఛ వున్నదని నమ్మగల మనస్సు ఆకాశంనుంచి వూడిపడదు. జీవితమంతా కంపెనీలకు వకాల్తా పుచ్చుకున్నవారిలో అది సహజంగా ఏర్పడుతుంది.

1916 జనవరిలో అధ్యక్షుడు విల్సన్ లూయీ బ్రాండైస్ పేరు ప్రతిపాదించేసరికి పెద్దమనుషులు ఉలిక్కిపడ్డారు. బ్రాండైస్ రైలు గుత్తసంస్థలను ఎదిరించిన న్యాయవాది. చాకిరేవు కార్ఖానాల స్త్రీలకు రోజుకు పది గంటలకు మించి పని వుండరాదనే ఆరెగన్ చట్టాన్ని 1908లో సమర్థించి గెలిపించినవాడు. యూదుడు. మాజీ అధ్యక్షుడు టాఫ్టు, బార్ అసోసియేషన్ మాజీ అధ్యక్షులు కొందరు, హార్వర్డు విశ్వవిద్యాలయాధిపతి, అందరూ కలిసి ఇతడు న్యాయమూర్తి పదవికి తగడని ప్రకటించారు. ఒక ప్రతిపాదన మీద సెనేటు సంఘం బహిరంగ విచారణ జరపటం అదే మొదటిసారి. నాలుగు నెలల తరువాత 47–22తో ఆమోదం లభించింది. అర్హత, యోగ్యత అనే మాటల్లో ఏ అర్థం దాగివుంటుందో ఈ ఉదంతం చెబుతుంది. రైలు కంపెనీల వకీలుకు పక్షపాతం అంటలేదు. కార్మిక స్త్రీల వకీలుకు అంటింది.

కాని గుమ్మం దగ్గర ప్రజా వుద్యమం స్వయంగా నిలబడి ఒక ప్రతిపాదనను ఓడించిన ఘట్టం 1930లో వచ్చింది. ఉత్తర కెరొలైనాకు చెందిన అప్పీలు కోర్టు న్యాయమూర్తి జాన్ పార్కర్ పేరును అధ్యక్షుడు హూవర్ పంపాడు. పార్కర్ 1927లో పడమటి వర్జీనియా బొగ్గు గనుల కేసులో, సంఘంలో చేరమని కార్మికులచేత ముందుగా రాయించుకునే ఒడంబడికలను నిలబెడుతూ గని కార్మికుల సంఘానికి వ్యతిరేకంగా నిషేధాజ్ఞను ఖాయం చేశాడు. కార్మికులు ఆ ఒడంబడికకు పెట్టుకున్న పేరు ‘పసుపు కుక్క’. అతడే 1920లో గవర్నరు పదవికి పోటీచేస్తూ, నల్లజాతివారు రాజకీయాల్లోకి రావటం ఇరుజాతులకూ చెరుపని ప్రసంగించాడు. అమెరికన్ కార్మిక సమాఖ్య మొదటి కారణంతో, వాల్టర్ వైట్ నాయకత్వాన నల్లజాతి ప్రజల జాతీయ సంఘం రెండవ కారణంతో, దేశమంతటా ఆందోళన సాగించాయి. సెనేటర్లకు వుత్తరాలు, తంతులు వెల్లువగా వచ్చాయి. మే 7న వోటింగు జరిగింది: అనుకూలం 39, వ్యతిరేకం 41. ఈ రెండు సంఘాలూ ఆనాడు చేతులు కలిపి పనిచేయలేదు; చాలా కార్మిక సంఘాల తలుపులు నల్లవారికి మూసేవున్నాయి. అయినా వేరువేరుగా తోసిన రెండు భుజాలకే ఆ తలుపు కదిలింది.

గెలుపు తరువాత

ఇక్కడ ఆగిపోతే కథ చాలా అందంగా వుంటుంది. కాని చరిత్ర మన సౌకర్యంకోసం ఆగదు. పార్కర్ స్థానంలో వచ్చినవాడు ఫిలడెల్ఫియా న్యాయవాది ఓవెన్ రాబర్ట్స్. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వోట్ల లెక్క కూడా లేకుండానే సెనేటు ఆమోదించింది. ఈ రాబర్ట్సే 1936 జనవరిలో రైతు సహాయ చట్టాన్ని కొట్టివేసే తీర్పు రాశాడు. జూన్‌లో న్యూయార్కు స్త్రీల కనీస వేతన చట్టాన్ని 5–4తో కొట్టివేసినప్పుడు ఆ అయిదుగురిలో వున్నాడు. వీణ్ణి కాదని వాణ్ణి తెచ్చుకుని ఏం బాగుపడ్డారు అని అడగవచ్చు.

అదే రాబర్ట్స్ 1937 మార్చి 29న అటునుంచి ఇటు వచ్చాడు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్సీ పారిష్ అనే స్త్రీ ఒక హోటలులో గదులు వూడ్చే పని చేసేది. కనీస వేతనం ప్రకారం తనకు రావలసిన బకాయి 216 డాలర్ల 19 సెంట్లు ఇప్పించమని కోర్టుకెక్కింది. ఆమె గెలిచింది, 5–4తో. ఏడాది తిరగకుండా రాజ్యాంగం అర్థం తలకిందులయింది. అంతకు ఏడు వారాల ముందు రూజ్వెల్టు సుప్రీంకోర్టులో కుర్చీలు పెంచుతానని బెదిరించాడు గనుక న్యాయమూర్తి జడిసి మారాడని ఒక కథ ప్రచారంలో వున్నది. తేదీలు ఆ కథకు సరిపడవు. న్యాయమూర్తులు తమ గదిలో వోటు వేసుకున్నది 1936 డిసెంబరులో; రూజ్వెల్టు పథకం బయటపడింది 1937 ఫిబ్రవరి 5న. మరి డిసెంబరుకు ముందు జరిగిందేమిటి? నవంబరులో రూజ్వెల్టు నలభై ఎనిమిది రాష్ట్రాలలో నలభై ఆరింట గెలిచాడు. ఆకలి, నిరుద్యోగం, సమ్మెలు దేశాన్ని ఏళ్ళతరబడి కుదిపివేస్తున్నాయి. కార్మికులు సంఘం పెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 5–4తో ఖాయం చేసిన 1937 ఏప్రిల్ తీర్పుకు ముందే, ఫ్లింటులో జనరల్ మోటార్స్ కార్మికులు నలభైనాలుగు రోజులు కార్ఖానాలోనే కూర్చుని సంఘాన్ని గుర్తింపజేసుకున్నారు. ఈ ఒత్తిళ్ళలో ఏది ఎంత పనిచేసిందో తూకం వేసి చెప్పటం సాధ్యం కాదు. న్యాయమూర్తి మాత్రం సమాజానికి వెలుపల నివసించడని చెప్పవచ్చు.

తిరస్కరింపబడిన పార్కర్ సంగతి ఇంకా విచిత్రం. అతడు అప్పీలు కోర్టులోనే వుండిపోయి, 1940లో నల్లజాతి ఉపాధ్యాయులకు తెల్లవారితో సమానంగా జీతాలివ్వాలని తీర్పు రాశాడు. 1947లో దక్షిణ కెరొలైనాలో నల్లవారికి ప్రాథమిక ఎన్నికల్లో వోటుహక్కు వున్నదని తీర్పు రాశాడు. అదే మనిషి 1951లో పాఠశాలల్లో జాతి వేర్పాటును సమర్థించాడు. రూజ్వెల్టు నియమించిన హ్యూగో బ్లాక్ ఒకప్పుడు కూ క్లక్స్ క్లాన్ సభ్యుడని సెనేటు ఆమోదం తరువాత బయటపడింది. 1954లో ఆ వేర్పాటును రద్దుచేసిన ఏకగ్రీవ తీర్పులో అతడూ వున్నాడు.

అంచేత, మనిషి పుట్టుకనుబట్టో పూర్వవృత్తినిబట్టో తీర్పును యాంత్రికంగా లెక్కగట్టే పద్ధతి మార్క్సిజం కాదు, జాతకం చెప్పటం. కాని దీన్నిబట్టి నియామకాల పోరాటం వ్యర్థమనుకోవటం కూడా తప్పే. పార్కర్ ఓటమి అతని జాతిద్వేషానికి, కార్మిక ద్వేషానికి సెనేటులో ఒక ధర వున్నదని తరువాతివారికి నేర్పింది. 1932లోనే ‘పసుపు కుక్క’ ఒడంబడికలు చెల్లవని కాంగ్రెసు చట్టం చేసింది. గుమ్మం దగ్గరి పోరాటం ఇంటిలోపల గెలుపు కాకపోవచ్చు. ఇంటిలోపలివారికి బయటి గొంతు వినిపించేది మాత్రం అక్కడినుంచే.

ప్రతిభ అనే ముసుగు

సుప్రీంకోర్టు గురించే చెప్పుకుంటూపోతే అసలు యంత్రం కనిపించదు. ఫెడరల్ వ్యవస్థలో తొమ్మిది సుప్రీంకోర్టు పదవులు కాక, పదమూడు అప్పీలు కోర్టుల్లో 179, జిల్లా కోర్టుల్లో 670కి పైగా పదవులున్నాయి. అన్నిటికీ ఇదే పద్ధతి: అధ్యక్షుడి ప్రతిపాదన, సెనేటు న్యాయ సంఘం విచారణ, సెనేటు వోటు. సుప్రీంకోర్టు ఏటా వినే కేసులు డజన్లలో వుంటాయి. అంచేత సామాన్యుడికి అప్పీలు కోర్టే కడపటి కోర్టు.

కింది పదవుల విషయంలో ఒక అలిఖిత ఆచారం వున్నది. ఏ రాష్ట్రంలో ఖాళీ వస్తే ఆ రాష్ట్రపు సెనేటర్ల ఇష్టం కనుక్కోవాలి. న్యాయ సంఘం వారికి నీలిరంగు చీటీ ఒకటి పంపుతుంది. చీటీ తిరిగి రాకపోతే జిల్లా కోర్టు ప్రతిపాదన పడకేస్తుంది. ఈ మర్యాద ఎవరికి వుపయోగపడిందో చూడండి. 1956 నుంచి 1978 వరకు న్యాయ సంఘానికి అధ్యక్షుడు మిసిసిపీ తోటల యజమాని, సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లండ్. జాతి వేర్పాటుకు గట్టి కాపలాదారు. 1961లో కెనెడీ మిసిసిపీ ఫెడరల్ కోర్టుకు ఈస్ట్‌లండ్ కళాశాల సహాధ్యాయి హెరాల్డ్ కాక్స్‌ను నియమించాడు. బార్ అసోసియేషన్ అతనికి అత్యున్నత యోగ్యతా పత్రం ఇచ్చింది. వోటరుగా నమోదు కావటానికి వచ్చిన నల్లవారిని ఆ న్యాయమూర్తి 1964లో ధర్మాసనం మీదినుంచే చింపాంజీలతో పోల్చాడు. అదే 1961లో కెనెడీ, పాఠశాలల వేర్పాటు కేసు వాదించి గెలిచిన తర్‌గుడ్ మార్షల్‌ను అప్పీలు కోర్టుకు ప్రతిపాదించాడు. దాదాపు ఏడాదిపాటు సెనేటు తాత్సారం చేసింది. 1967లో సుప్రీంకోర్టుకు ప్రతిపాదించినప్పుడు దక్షిణాది సెనేటర్లు మార్షల్‌ను పద్నాలుగవ సవరణ చరిత్రలోని సూక్ష్మాతిసూక్ష్మ విషయాల మీద ప్రశ్నించారు, అక్షరాస్యత పరీక్షలో నల్ల వోటరును ప్రశ్నించినట్లే. 69–11తో నెగ్గి, ఆ న్యాయస్థానంలో కూర్చున్న మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయినాడు.

మరొక నియామకం ఇంతకంటె నిశ్శబ్దంగా జరిగింది. రిచ్మండుకు చెందిన కంపెనీల న్యాయవాది లూయిస్ పవెల్ 1971 ఆగస్టులో వర్తక మండలికి ఒక రహస్య పత్రం రాసి ఇచ్చాడు: విశ్వవిద్యాలయాల్లో, పత్రికల్లో వ్యాపార వ్యవస్థ మీద దాడి జరుగుతున్నది, వ్యాపారవర్గం సంఘటితం కావాలి, సాంఘిక, ఆర్థిక మార్పులకు న్యాయస్థానం కీలకమైన సాధనం కాగలదు, దాన్ని వినియోగించుకోవాలి. రెండు నెలలకు నిక్సన్ అతన్ని సుప్రీంకోర్టుకు ప్రతిపాదించాడు. డిసెంబరులో 89–1తో ఆమోదం లభించింది. ఆ పత్రం పత్రికలకెక్కింది 1972 సెప్టెంబరులో. 1978లో, ఎన్నికల ప్రశ్నల మీద డబ్బు ఖర్చు పెట్టటం కంపెనీల వాక్‌స్వాతంత్ర్యం కిందికి వస్తుందని తీర్పు రాసింది ఈ పవెలే.

పవెల్ పదవీ విరమణ చేసినప్పుడు, 1987లో, రాబర్ట్ బోర్క్ ప్రతిపాదన వచ్చింది. హోటళ్ళలో జాతి వివక్షను నిషేధించే చట్టాన్ని 1963లో వ్యాసం రాసి వ్యతిరేకించినవాడు. తన భావాలను సెనేటు ముందు దాచుకోలేదు. పౌరహక్కుల సంఘాలు, స్త్రీల సంఘాలు, కార్మిక సంఘాలు, ఈసారి కలిసి కదిలి 58–42తో ఓడించాయి. ఆ ఓటమినుంచి మితవాదులు నేర్చుకున్న పాఠాలు రెండు. ఒకటి: విచారణలో నోరు విప్పరాదు. రెండు: అభ్యర్థి భావాలు తెలుసుకోవటానికి విచారణ అక్కరలేదు, అతన్ని విద్యార్థి దశనుంచే పెంచుకోవచ్చు. 1982లో కొందరు న్యాయవిద్యార్థులు స్థాపించిన ఫెడరలిస్టు సొసైటీ ఆ పని చేసింది. మూడు దశాబ్దాలు కళాశాలల్లో ఓపికగా పనిచేసి, ఒక తరం న్యాయమూర్తులను తయారుచేసింది. వుపన్యాసాలతో తృప్తిపడే మనవంటివారు ఆ ఓపికను చూసి సిగ్గుపడాలి.

ఖాళీ కుర్చీ

2016 ఫిబ్రవరి 13న న్యాయమూర్తి స్కేలియా మరణించాడు. ఉపాధ్యాయుల కేసు 4–4 కావటానికి కారణం ఇదే. మార్చి 16న ఒబామా మెరిక్ గార్లండ్ పేరు పంపాడు. ఎన్నికల సంవత్సరం కాబట్టి ప్రజలు నిర్ణయించాలని చెప్పి సెనేటు ఆధిక్య పక్షం విచారణే జరపలేదు. ఓడించలేదు, గెలిపించలేదు, 293 రోజులు అట్లా వుంచింది. 2017 ఏప్రిల్‌లో, చర్చ ముగించటానికి కావలసిన అరవై వోట్ల నిబంధనను సుప్రీంకోర్టు నియామకాలకు ఎత్తివేసి, ట్రంపు ప్రతిపాదించిన గోర్సచ్‌ను 54–45తో కూర్చోబెట్టింది. (కింది కోర్టుల విషయంలో ఆ నిబంధనను 2013లోనే డెమొక్రాట్లు ఎత్తివేశారు.) 2018లో ఉద్యోగ సంఘాల రుసుం రద్దుచేసిన అయిదవ వోటు ఆ కుర్చీదే. 2020 సెప్టెంబరు 18న గిన్స్‌బర్గ్ మరణించినప్పుడు ఎన్నికలకు ఏడు వారాల వ్యవధి కూడా లేదు. ప్రజలు నిర్ణయించాలనే సూత్రం ఈసారి ఎవరికీ గుర్తు రాలేదు. అక్టోబరు 26న బారెట్ నియామకం 52–48తో ముగిసింది. 2022 జూన్‌లో గర్భస్రావ హక్కును ఆ న్యాయస్థానం రద్దు చేసింది. దేశం మొత్తంమీద 2016లో తక్కువ వోట్లు వచ్చిన అధ్యక్షుడు ముగ్గురు న్యాయమూర్తులను నియమించాడు. వారు దశాబ్దాలపాటు వుంటారు. 1801లో ఆడమ్స్ కట్టిన కోట నమూనా ఇప్పటికీ పనికొస్తున్నది.

అయితే న్యాయమూర్తులను ప్రజలే ఎన్నుకుంటే సరిపోదా అని కొందరు మిత్రులంటారు. అమెరికాలో అనేక రాష్ట్రాలు ఆ పని చేస్తున్నాయి. పడమటి వర్జీనియాలో ఒక బొగ్గు కంపెనీ అధిపతి, తన కంపెనీ మీది కేసు అప్పీలుకు వస్తుందని తెలిసి, 2004లో ఒక న్యాయమూర్తి గెలుపుకోసం 30 లక్షల డాలర్లు ఖర్చు చేశాడు. ఆ న్యాయమూర్తి తరువాత కంపెనీ పక్షాన వోటు చేశాడు. ఇది తగదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది, అదీ 5–4తో! డబ్బు రాజ్యమేలే చోట బ్యాలెట్టు పెట్టె ఒక్కటే మందు కాదు. పదవీకాలాన్ని పద్దెనిమిదేళ్ళకు పరిమితం చేయాలనే ప్రతిపాదన ఇటీవల బలం పుంజుకున్నది. అది మంచిదే, చావులమీద ఆధారపడే లాటరీ అయినా తప్పుతుంది.

మన రాజ్యాంగ సభ ఈ ప్రశ్నను ఎరగకపోలేదు. 1949 మే 24న అంబేద్కర్ అమెరికా పద్ధతిని ప్రస్తావించి, అందులో జాప్యమూ రాజకీయ ఒత్తిళ్ళూ వున్నాయని, బ్రిటిషు పద్ధతిలో ప్రభుత్వానికి అడ్డూ ఆపూ లేదని చెప్పి, సంప్రదింపు అనే మధ్యేమార్గాన్ని సమర్థించారు. ప్రధాన న్యాయమూర్తికి తిరుగులేని అధికారం ఇవ్వటానికీ ఆయన ఒప్పుకోలేదు. ప్రధాన న్యాయమూర్తి కూడా మనలాంటి బలహీనతలున్న మనిషేనన్నారు. 1973లో ముగ్గురు సీనియర్లను తోసిరాజని ప్రభుత్వం తనకు నచ్చినవారిని ప్రధాన న్యాయమూర్తిని చేసింది. 1993 తీర్పుతో నియామకం న్యాయమూర్తుల చేతికే పోయింది. దాన్ని మార్చటానికి తెచ్చిన సవరణను 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అక్కడ సెనేటు విచారణ పేరిట నాటకమైనా తలుపులు తెరిచి ఆడతారు. ఇక్కడ తలుపులు మూసే వున్నాయి. ఫ్రాంక్లిన్ చెప్పిన స్కాట్లండు హాస్యం మనకు పూర్తిగా హాస్యం కాదు.

అమెరికా చరిత్ర మనకు చెప్పేది ఇది. ధర్మాసనాన్ని పూజించేవారూ, అదంతా వారి కోర్టేలే అని తీసిపారేసేవారూ, ఇద్దరూ ఆ కుర్చీని వారికే వదిలేస్తున్నారు. 1930లో గని కార్మికులూ నల్లజాతి ప్రజలూ వదిలేయలేదు. ఒక వుత్తరం, ఒక తంతి, ఒక సభ చొప్పున ఆ మూసిన గదిలోకి చొరబడ్డారు. 1937లో ఫ్లింటు కార్మికులు తీర్పుకోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఈ రెండూ ఒకే పోరాటంలోని రెండు భాగాలు. రెండవది లేకుండా మొదటిది చేస్తే రాబర్ట్స్ 1936లో ఇచ్చిన తీర్పులు దక్కుతాయి. మొదటిది లేకుండా రెండవది చేస్తే, ప్రజలు తరం పొడుగునా సాధించుకున్నది ఒక ఉదయాన 5–4తో పోతుంది. న్యాయమూర్తి ఎంత స్వతంత్రుడని అడిగేముందు, అతనికి ఆ కుర్చీ ఎవరిచ్చారని, ఇచ్చేటప్పుడు మనం ఎక్కడున్నామని అడగటం అలవాటు చేసుకోవాలి.